గ్యాసు గీజరు – ఆలస్యంగా చదివిన కాగితం

(2024 డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి కార్యదర్శిగారు ఏటా చెప్పేదే అయినా ఈసారి కూడా చక్కగా చెప్పారు. నన్ను మాత్రం "ఆరోగ్యం మీద ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. నేను డాక్టరును కాను. ముప్ఫై ఆరేళ్ళు ఫైళ్ళు మోసి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. అయితే మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి ఉంది. నిన్ననే ధనుర్మాసం పట్టింది. తెల్లవారుజాము స్నానాలు మొదలైనాయి. చెబితే ఇప్పుడే చెప్పాలనిపించింది. ఇందులో తప్పంతా నాదే. రెండో వరుసలో కూర్చున్న మా ఆవిడ అనుమతి తీసుకునే చెబుతున్నాను.

మన చిన్నతనంలో స్నానానికి నీళ్ళు పెరట్లో కాగేవి. మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిబట్టిన కాగు, పక్కన కొబ్బరి మట్టలు. కాస్త కలిగిన ఇళ్ళల్లో బొగ్గులు వేసే రాగి బాయిలరు ఉండేది. అదీ పెరటి వసారాలోనే. మంట ఆరుబయట, స్నానం లోపల. ఎవరూ శాస్త్రం చదివి పెట్టిన ఏర్పాటు కాదు గాని, పొగ ఇంట్లోకి రాకూడదని తెలుసు. చలికాలం గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు బిగించుకోవద్దని మా అమ్మ పదేపదే చెప్పేది. ఎందుకని మేం అడగలేదు. ఎందుకో ఆవిడకీ తెలిసి ఉండదు.

2016 నవంబరులో మా ఇంటికి గ్యాసు గీజరు వచ్చింది. కరెంటు బిల్లు చూసి నేనే తెప్పించాను. నిమిషానికి ఆరు లీటర్ల రకం. కుళాయి తిప్పగానే లోపల టకటకమని నిప్పురవ్వ పడి, భగ్గున మంట అంటుకుని, అర నిమిషంలో వేన్నీళ్ళు. మొదటి రోజు ఇరుగుపొరుగుని పిలిచి చూపించాను కూడా. బిగించడానికి వచ్చిన కుర్రాడు గోడ చూసి, "సారూ, దీన్ని వెనక వసారా గోడకి బయట బిగిద్దాం. పన్నెండడుగుల పైపు అదనంగా పడుతుంది, అంతా కలిపి పద్దెనిమిది వందలవుతుంది" అన్నాడు. నేను ఎన్ని టెండర్లలో అదనపు పనులు కొట్టేసి ఉంటాను! ఇది కూడా అలాంటిదే అనుకుని, "బాత్‌రూములోనే పెట్టెయ్యి" అన్నాను. సిలిండరు బయటే ఉంది కదా, ఇంక భయమేమిటి అనుకున్నాను. నా ఆలోచనంతా సిలిండరు చుట్టూనే తిరిగింది. మంట ఎక్కడుందన్నది తట్టలేదు.

రెండేళ్ళు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అన్నిటికన్నా చెడ్డదని ఇప్పుడనిపిస్తుంది. బాత్‌రూములో పైన అడుగున్నర వెంటిలేటరు తెరిచి ఉండేది. ఆ రెండేళ్ళూ మమ్మల్ని కాపాడింది అదే. 2018లో పావురాలు దాంట్లో గూడు పెట్టాయి. రెట్టలు, ఈకలు, చంటిపిల్లాడితో వచ్చిన మా అమ్మాయి ఫిర్యాదులు. నవంబరులో ఒక ప్లైవుడ్ ముక్క కొలిచి కోయించి, మేకులు కొట్టి వెంటిలేటరు మూసేశాను. గాలి ఆడకపోతే ఎగ్జాస్టు ఫాను పెట్టిద్దాం అనుకున్నాను. అనుకుని దాన్ని కాల్ బుక్కులో పెట్టాను. కాల్ బుక్కు అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

అప్పటి నుంచి మా ఆవిడకి తలనొప్పి మొదలైంది. "ఏమండీ, స్నానం చేసి వచ్చినప్పటి నుంచీ తల దిమ్ముగా ఉందండీ. కడుపులో తిప్పుతోంది" అనేది. "బి.పి. మాత్ర వేసుకున్నావా?" అనేవాణ్ణి. వేసుకున్నానంటే, "అయితే పైత్యం" అనేవాణ్ణి. పది గంటలకల్లా తగ్గిపోయేది. తగ్గిపోయింది కదా అని నేనూ ఊరుకునేవాణ్ణి. మూడు వారాలు ఇదే వరస. రోజూ స్నానం తర్వాతే వస్తోంది, బయట తిరిగితే తగ్గిపోతోంది. ఇదే విషయం ఏ ఫైల్లోనో కనబడి ఉంటే ఎర్ర సిరాతో గీత గీసి "దయచేసి పరిశీలించండి" అని నోటు రాసేవాణ్ణి. ఇంట్లో మనిషి నోటితో చెబితే పట్టించుకోలేదు.

డిసెంబరు చివరి వారం. బాగా చలిగా ఉంది. మా అల్లుడు స్నానం చేసి వచ్చాడు. తర్వాత నేను. ఆ తర్వాత మా ఆవిడ వెళ్ళింది. నేను హాల్లో పేపరు చదువుతున్నాను. నీళ్ళ చప్పుడు ఆగకుండా వస్తోంది. బకెట్టు నిండి పొర్లుతున్న చప్పుడు. "అమ్మా, కుళాయి కట్టెయ్" అని మా అమ్మాయి కేకేసింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. అప్పుడు లేచాం. లోపల గడియ. మా అల్లుడు రెండు తాపులు తన్నేసరికి గడియ ఊడింది. ఆవిడ గోడ పక్కన ఒరిగిపోయి ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి గాని పిలిస్తే పలకడం లేదు. ఒక చెయ్యి కొట్టుకుంటోంది. గదిలో వాసన ఏమీ లేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను. హాల్లోకి ఎత్తుకొచ్చి, తలుపులన్నీ తీసి, 108కి ఫోను చేశాం.

పక్షవాతమో, మూర్ఛో అనుకుంటూ ఆసుపత్రికి వెళ్ళాం. డ్యూటీలో ఉన్నది మా మనవరాలంత అమ్మాయి. ఎక్కడ పడిపోయారు అని అడిగింది. బాత్‌రూములో అన్నాం. "గ్యాసు గీజరుందా?" అన్నది రెండో ప్రశ్న. ఉందనగానే మరి మాట్లాడకుండా మొహానికి ఆక్సిజన్ మాస్కు బిగించింది. వేలికి పెట్టిన క్లిప్పులో 98 అని చూపిస్తోంది. నేను పెద్ద తెలిసినవాడిలా, "98 ఉంది కదమ్మా" అన్నాను. "ఈ కేసులో దాన్ని నమ్మకూడదు తాతగారూ" అంది. రక్తం పరీక్షకి పంపించింది. రక్తంలో కార్బన్ మోనాక్సైడు పట్టి ఉందని అందులో తేలింది.

దాని సంగతి తర్వాత డాక్టర్లను అడిగి, చదివి, నాకర్థమైనంత వరకు చెబుతాను. గ్యాసు శుభ్రంగా మండాలంటే గాలి కావాలి. ఒక పాలు గ్యాసుకి పాతిక నుంచి ముప్ఫై పాళ్ళ గాలి కావాలి. గాలి చాలకపోతే సగం సగం మండి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హెమోగ్లోబిన్ దీన్ని చూస్తే ఆక్సిజన్ను వదిలేసి దీన్నే పట్టుకుంటుంది. ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుందట. కుర్చీలో ఒకసారి కూర్చున్నాక బదిలీ ఆర్డరు వచ్చినా లేవనివాళ్ళను మనం చూశాం కదా, అలాంటిదన్నమాట. మామూలు గాలి పీలుస్తుంటే ఒంట్లో అది సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నరలో తగ్గుతుంది. అందుకే ఆ అమ్మాయి మాటలు ఆపి ముందు మాస్కు పెట్టింది. వేలి క్లిప్పు ఎందుకు పనికిరాదంటే, దానికి ఆక్సిజన్ పట్టిన రక్తమూ, ఈ విషం పట్టిన రక్తమూ ఒకేలా కనిపిస్తాయి. 2020లో కరోనా వచ్చాక ఆ క్లిప్పు మనందరి ఇళ్ళల్లోకీ చేరింది. గీజరు దగ్గర ఎవరికైనా కళ్ళు తిరిగితే, క్లిప్పులో 98 ఉంది కదా అని నిశ్చింతగా కూర్చోకండి.

ఒకసారి లెక్క వేసి చూశాను. అది నా అలవాటు. మా బాత్‌రూము పొడవు ఆరడుగులు, వెడల్పు ఐదు, ఎత్తు తొమ్మిది. అంటే 270 ఘనపుటడుగుల గాలి. ఆరు లీటర్ల గీజరు పూర్తి మంట మీద గంటకి సుమారు ఒక కిలో గ్యాసు తాగుతుంది. ముగ్గురం తలా పది నిమిషాలు వాడామనుకుందాం. అరకిలో గ్యాసు. అది మండడానికి 200 ఘనపుటడుగుల పైచిలుకు గాలి కావాలి. వెంటిలేటరుకి ప్లైవుడ్డు, తలుపు కింద నీళ్ళు రాకుండా నేను పెట్టించిన రబ్బరు పట్టీ. మధ్య మధ్య తలుపు తీసినప్పుడు వచ్చిన గాలి తప్ప మరి గాలి లేదు. అల్లుడు ఉన్న గాలి కొంత వాడాడు, నేను కొంత వాడాను, ఆవిడ వంతు వచ్చేసరికి మిగిలింది అది. ఆ లెక్క కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇంక వాసన సంగతి. మనలో చాలామంది "వాసన రాలేదు కదా, గ్యాసు లీకు కాలేదు కదా" అంటారు. ఇవి రెండు వేరు వేరు ప్రమాదాలు. కాలకుండా లీకయ్యే వంటగ్యాసుకి వాసన ఉంటుంది. మనం పసిగట్టాలనే అందులో మెర్కాప్టాన్ అనే మందు కలుపుతారు. ఆ గ్యాసు గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. అప్పుడు కరెంటు స్విచ్చి వెయ్యకూడదు, వేసి ఉన్నది ఆర్పకూడదు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తీసి, బయటికి వచ్చి 1906కి ఫోను చెయ్యాలి. ఇది మనకు తెలుసు, గ్యాసు పుస్తకంలో ఉంటుంది. రెండోది లీకే లేకుండా, గ్యాసు చక్కగా మండుతున్నట్టు కనబడుతూ ఉండగానే వచ్చేది. దాన్ని ముక్కు చెప్పదు. తలనొప్పి చెబుతుంది, వాంతి వచ్చినట్టుండటం చెబుతుంది, కాళ్ళు తేలిపోవడం చెబుతుంది. మా ఇంట్లో మూడు వారాలు చెప్పింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక గీజరు అట్టపెట్టె అటక మీంచి దింపాను. అందులో ఒక చిన్న పుస్తకం, ప్లాస్టిక్ సంచి కూడా చింపలేదు. రెండో పేజీలోనే పెద్దక్షరాలతో ఉంది: బాత్‌రూములో బిగించరాదు, గాలి వెలుతురు బాగా వచ్చే చోటే బిగించాలి అని. పే రివిజన్ జీవో వస్తే అడుగున ఉన్న చిన్నక్షరాల ఫుట్‌నోటు కూడా వదలకుండా చదివి, పైవాళ్ళకి చదివి వినిపించిన మనిషిని. మా ఇంట్లోకి నేనే తెచ్చిన వస్తువు కాగితం రెండేళ్ళ తర్వాత చదివాను.

మా ఆవిడ నాలుగో రోజుకి ఇంటికి వచ్చింది. అంతా అయిపోయిందనుకున్నాం. కాని రెండు నెలలపాటు మతిమరుపు వచ్చింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది. యాభై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని వేసే ముగ్గు మధ్యలో ఆగిపోయి, చుక్కల వంక చూస్తూ నిలబడేది. ఒకరోజు నన్ను, "మీరు ఆఫీసుకి వెళ్ళలేదేం?" అని అడిగింది. ఈ విషవాయువు తగిలినవాళ్ళకి కొన్ని వారాల తర్వాత కూడా ఇలాంటివి రావచ్చునని డాక్టరు ముందే చెప్పారు. అయినా ఆ ప్రశ్న విన్నాక నేను పెరట్లోకి వెళ్ళి కాసేపు కూర్చోవలసి వచ్చింది. ఏప్రిల్ నాటికి తేరుకుంది. అందరికీ ఇలా తేరుకునే అదృష్టం ఉండదు. మన దేశంలో ఇలాంటి కేసులు ఎన్నో చూసి డాక్టర్లు దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరే పెట్టారు.

ఇప్పుడు మా గీజరు వెనక వసారా గోడకి బయట ఉంది. పైపు లోపలికి వస్తుంది, మంట బయటే ఉంటుంది. ఖర్చు 2,300 అయింది. మీలో ఎవరింట్లోనైనా బాత్‌రూములో ఉంటే ముందు దాన్ని బయటికి మార్పించండి. మెకానికు వచ్చేదాకా ఆగలేకపోతే, తలుపు బార్లా తీసిపెట్టి బకెట్లు నింపుకుని, గీజరు ఆపేసి, గది కాసేపు ఆరనిచ్చి, అప్పుడు వెళ్ళి స్నానం చెయ్యండి. మంట ఉన్న గదిలో తలుపు వేసుకుని ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. ఎగ్జాస్టు ఫాను ఉంది కదా అంటారు కొందరు. తలుపు కింద నుంచి కొత్త గాలి వచ్చే దారి లేకుండా ఫాను ఒక్కటే తిరిగితే ఏం లాభం? కొన్ని గీజర్లు ఇరవై నిమిషాలకి వాటంతట అవే ఆగిపోతాయి. అది మంచిదే గాని, మూసిన చిన్న గదిలో అంత సేపు కూడా అక్కర్లేదు.

బయట ఉన్నా దాన్ని గమనిస్తూ ఉండాలి. ముఖ్యం మంట రంగు. చిన్న అద్దంలోంచి చూడండి. నీలంగా, నిలకడగా ఉండాలి. పచ్చగా, ఎర్రగా, తోకలు సాగుతూ ఉందంటే సరిగా మండటం లేదన్నమాట. పైన తొట్టి అంచుల్లో నల్లని మసి కనిపించినా అంతే. మా గీజరు మూత విప్పినప్పుడు లోపల రాగి రేకుల సందులన్నీ మసితో పూడిపోయి ఉన్నాయి. కాలిన గాలి పైకి పోయే దారే లేదు. మంట పచ్చగా ఉందని నాకు తెలుసు. పచ్చని మంట అందంగా ఉందనుకున్నానంటే మీరు నవ్వుతారు.

ఇక్కడ మన తరం వాళ్ళకి ఒక మాట. మనం పంపు స్టవ్వుల కాలం వాళ్ళం. మంట తగ్గితే పిన్నుతో పొడవడం మన చేతికి అలవాటు. గ్యాసు జెట్టుని పిన్నుతో, సూదితో పొడవకండి. ఆ కన్నం ఇంత అని లెక్క ప్రకారం ఉంటుంది. పొడిస్తే పెద్దదై గ్యాసు ఎక్కువ వస్తుంది, గాలి చాలదు, మసి పడుతుంది. బర్నరు, జెట్టు, రాగి రేకులు శుభ్రం చెయ్యడం మెకానికు పని. ఏడాదికొకసారి, చలికాలానికి ముందు, ఆశ్వయుజంలోనో కార్తీకంలోనో చేయించుకోండి. చౌడు నీళ్ళున్న ఊళ్ళల్లో గొట్టాల లోపల తెల్లగా గార కడుతుంది. నీటి ధార సన్నబడుతుంది, కెటిలు మరిగినట్టు చప్పుడు వస్తుంది. అదీ అతన్నే చూడమనండి. ఇంట్లో ఉన్న ఆసిడ్డు తెచ్చి పోయవద్దు.

మనం చెయ్యగలిగేవి కొన్ని ఉన్నాయి. ముందు రెగ్యులేటరు కట్టేసి, గీజరు చల్లారాక, అడుగునున్న రెండు లావు బ్యాటరీలు తియ్యాలి. వాటి కొనల దగ్గర పచ్చగా చిలుము పడితే గుడ్డతో తుడవాలి. నీళ్ళు లోపలికి వచ్చే చోట చిన్న జల్లెడ ఉంటుంది. కుళాయి కట్టేసి అది విప్పి పాత పళ్ళ బ్రష్షుతో కడిగితే ఇసుక, తుప్పు పోతాయి. పైన దుమ్ము, సాలీడు గూళ్ళు పొడిగుడ్డతో తియ్యండి. బ్యాటరీలు నీరసపడితే టకటక చప్పుడు వస్తుంది గాని మంట అంటుకోదు. అలాంటప్పుడు కుళాయి తిప్పుతూ కడుతూ పదిసార్లు ప్రయత్నించకండి. ఆపి, కాస్త గ్యాసు చెదరనిచ్చి, బ్యాటరీలు మార్చండి. ట్యూబు మీద తయారైన తేదీ ఉంటుంది. తీగె అల్లిక ఉన్న ఐ.ఎస్.ఐ. గుర్తు ట్యూబునైనా ఐదేళ్ళకి మార్చెయ్యాలి. బిగింపుల దగ్గర సబ్బు నురగ రాసి చూడండి, బుడగలు వస్తే లీకు. అగ్గిపుల్ల గీసి చూసే ధీరులు మా వీధిలో ఇంకా ఒకరున్నారు.

నేను ఇవన్నీ ఒక రిజిస్టరులో రాస్తున్నాను. ట్యూబు తేదీ, బ్యాటరీల తేదీ, మెకానికు వచ్చిన తేదీ, మంట రంగు, రిమార్కులు. ప్రతి నెలా ఒకటో తారీకున, పెన్షను పడిందో లేదో చూసుకునే రోజునే, ఇదీ చూస్తాను. మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వనివ్వండి.

ఇంకొక సంగతి మరిచాను. పెద్దవాళ్ళం బాత్‌రూములో లోపల గడియ పెట్టుకోవడం మానేద్దాం. మా ఇంట్లో గడియే తీయించేశాం. ఎవరైనా లోపల పడిపోతే, తలుపు తీసి, కుళాయి కట్టేసి, ముందు మనిషిని గాలిలోకి లాగండి. కారణాలు తర్వాత వెతకొచ్చు. లోపలే కూర్చుని మొహాన నీళ్ళు చల్లుతూ ఉంటే లాగేవాడు కూడా పడిపోతాడు. ఆసుపత్రిలో అడిగినా అడక్కపోయినా "గ్యాసు గీజరు" అన్న మాట మీరే చెప్పండి. ఆ రోజు ఆ అమ్మాయి అడిగింది కాబట్టి సరిపోయింది. నా అంతట నేనైతే చెప్పి ఉండేవాణ్ణి కాదు.

2022లో న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర నాలుగు నెలలున్నాం. అక్కడ పడకగదుల దగ్గర గోడకి చిన్న తెల్లటి పరికరం ఉంది. ఈ విషవాయువు ఉంటే చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. అక్కడ అది ఇళ్ళల్లో ఉండాలని చట్టం. మా ఆవిడ దాన్ని తదేకంగా చూసి, "మన ఇంటికొకటి కొనండి" అంది. ఇక్కడా దొరుకుతున్నాయి, కొన్నాను. దాని గడువు తేదీ కూడా రిజిస్టరులో ఎక్కించాను.

మన సంఘంలో గ్యాసు గీజరున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ద్వారం దగ్గర టేబులు మీద ఒక తెల్లకాగితం, పెన్ను పెట్టాను. ఉన్నవాళ్ళు పేరు, వీధి రాసి వెళ్ళండి. నేను, మా పక్కింటి రిటైర్డు ఓవర్‌సీరుగారు కలిసి వచ్చే వారం నుంచి ఒక్కొక్క ఇంటికి వచ్చి చూస్తాం. విప్పం, ముట్టుకోం, మంట ఎక్కడుందో, ఏ రంగులో ఉందో చూసి చెబుతాం. కాఫీ ఇస్తే తాగుతాం. ఈ సాయంత్రమే నలుగురు రాశారని చెబుతున్నారు. అందులో ఒకరి గీజరు బాత్‌రూములోనే ఉందట. వారింటికి వచ్చే వారం దాకా ఆగకుండా రేపు పొద్దున్నే వస్తున్నాం. దయచేసి మేం వచ్చేదాకా దాన్ని వెలిగించకండి. సెలవు.